అతుకు

పాత సినిమాల్లో ఏది చూడమంటారని అడిగితే
సామ్రాజ్యం గారు పేరు చెప్పరు.
"వాన సీనొకటుంటుంది చూడు,
వంటింటి కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటుంది,
పిల్ల చెంబు కింద పెట్టి తలెత్తుతుంది.
ఆ రెండింటి మధ్యా నేనున్నాను" అంటారు.

వడపళనిలో మా కింది వాటా ఆవిడది.
సందు చివర స్టూడియో ఉన్నచోట
పద్నాలుగంతస్తుల ఫ్లాట్లు లేచాయి.
గేటు పక్క వేపచెట్టొక్కటే
ఇంకా రిటైరవని పాత ఉద్యోగి.

తెనాలి నుంచి కొత్త కోడలిగా వచ్చింది.
లైట్లు మోసే మొగుడు పరంజా మీంచి పడి
నడుం విరిగి మంచానికతుక్కుపోతే
మేనేజరెవరో జాలిపడి
ల్యాబులో నెగెటివ్ కోసే బల్ల ముందు కూచోబెట్టాడు.
ముప్ఫై ఒక్కేళ్ళు.

గాజులు తీసి గుమ్మం మేకుకి తగిలించాలి.
పూలు పెట్టుకోకూడదు, పౌడరు రాయకూడదు,
తుమ్మొస్తే వరండాలోకి పరుగు.
తెల్లగుడ్డ గ్లవుజులు, కత్తెర, బ్లేడు,
మురిగిన అరటిపండు వాసనేసే జిగురు.
గీత పడితే జీతంలో కోత.

"సినిమా అంటే నాకు తిరగేసిన లోకమమ్మా.
జుట్లు తెల్లన, పళ్ళు నల్లన.
పదహారేళ్ళ పిల్ల పండు ముసలిదై నవ్వేది.
చందమామ బొగ్గుముక్క.
దీపం ఆర్పితే గది వెలిగేది.
హాల్లో కూచుని ఎప్పుడు చూశాను?
మ్యాట్నీ వేళకి డ్యూటీ,
ఫస్ట్ షో వేళకి ఆయనకి గంజి."

అందుకే ఇప్పుడు, డెబ్బై తొమ్మిదో ఏట,
ఆదివారం మధ్యాహ్నాలు నా లాప్‌టాప్ ముందు
మొదటిసారి చూస్తోంది తను కోసినవన్నీ.
కథ పట్టదు. పాటకి తల ఊపదు.
అతుకు వచ్చిన చోటల్లా
చూపుడువేలు చిన్నగా కదులుతుంది.
వాన సీను వచ్చిన రోజు మాత్రం
"అయ్యో, ఎంత నల్లటి జుట్టే దీనికి!
ఎంత చిన్నపిల్ల!" అని
కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

తర్వాత పాత కుంకుమ డబ్బా తెచ్చింది.
కాగితం మడతలో ఐదు ఫ్రేములు.
ఆ రోజు చుట్టే యంత్రంలో పళ్ళు పట్టేసి చిరిగాయట.
చిరిగిన మేర కోసి, అతికి,
ముక్క రవికలో దాచి ఇంటికొచ్చేసింది.
రిలీజైన నాలుగు నెలలూ
ఆఫీసు ప్యూను ఇటు నడిస్తే చాలు, గుండె జారేదట.
ఎవరూ పిలవలేదు.
పైగా పత్రికలన్నీ రాశాయి:
ఏం నటన! ఆ వానలో
రెప్ప వెయ్యకుండా ఎలా చూసిందీ అమ్మాయి!

కిటికీ వెలుగుకి పట్టి చూశాను.
గోరంత ముఖం, తెల్లటి జుట్టు.
మొదటి దాంట్లో కన్ను వాలుతోంది,
మూడో దాంట్లో మూసుకుంది,
ఐదో దాంట్లో లేస్తోంది.
"వేసిందమ్మా, వెయ్యకేం,
అందరి కళ్ళలాంటి కళ్ళే" అంది సామ్రాజ్యం గారు,
డబ్బా మూత బిగిస్తూ.

నాది సాలిగ్రామంలో
పాత ప్రింట్ల గీతలు తుడిచే ఉద్యోగం.
మరుసటి ఏడాది అదే సినిమా నా బల్ల మీదికొచ్చింది.
యంత్రం దానంతటదే ఆగి అడిగింది:
ఇక్కడ ఐదు ఫ్రేములు లోటు,
అటూ ఇటూ చూసి అల్లి పూరించమంటావా?

బూజు తుడిచాను, వాన చారలు తుడిచాను
(అసలు వానని వదిలి).
దాని జోలికి మాత్రం పోలేదు.

ఇంటికొచ్చి చెబితే
"నీ జీతం కొయ్యరు గదా?" అంది,
కాఫీలో పంచదార
ఒక చెంచా ఎక్కువే వేసి.